పేరుకు రూపం దొరికే దారి: తెరమీద అక్షరాల చరిత్ర

కంప్యూటర్లో కూర్చిన పేజీని తెరమీద చూసినప్పుడు అక్షరాలన్నీ ఆ ఫైల్లోనే ఉన్నాయని అనుకుంటాం. ఇప్పటి పీడీఎఫ్‌ల సంగతిలో అది చాలావరకు నిజమే. కానీ 1980లలో, 90లలో గణితం మీద, భౌతికశాస్త్రం మీద వచ్చిన వేలాది వ్యాసాలు టెక్ అనే కూర్పు ప్రోగ్రామ్‌తో తయారయ్యాయి. ఆ ప్రోగ్రామ్ ఇచ్చే డీవీఐ ఫైల్లో అక్షరం బొమ్మ ఒక్కటీ ఉండదు. ఫలానా ఫాంటు తీసుకో, అందులో ఫలానా నంబరు అక్షరాన్ని ఫలానా చోట పెట్టు, ఇక్కడ ఒక గీత గియ్యి అనే ఆదేశాలే ఉంటాయి. ఫాంటు కూడా పేరుగా తప్ప ఉండదు. ఆ పేరుకు తగిన రూపాన్ని ఎక్కడినుంచో వెతికి తెచ్చి తెరమీద పెట్టే పని వ్యూయర్‌ది.

పేరుకూ రూపానికీ మధ్య ఉన్న ఈ లంకెకు నలభై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. మొదట రూపం అంటే చుక్కల బొమ్మ. తర్వాత అది ఎంత సైజుకైనా సాగే అంచుగీత అయింది. చుక్కల నుంచి గీతకు మారడం అక్షరాల అందం కోసం జరిగిన మార్పుగానే చాలామందికి తెలుసు. నా దృష్టిలో అంతకన్నా పెద్ద విషయం ఇంకొకటి ఉంది. లంకె బహిరంగంగా, రాతపూర్వకంగా ఉన్న చోట పాత పత్రాలు బతికాయి. అది ఎవరి గుప్పిట్లోనో ఉండిపోయిన చోట పత్రాలు మూగబోయాయి. దశాబ్దాల తెలుగు డీటీపీ ఫైళ్లను దగ్గర పెట్టుకున్న మనకు ఇది పరాయి చరిత్ర కాదు.

క్నూత్ మొదలుపెట్టిన పని

1977లో స్టాన్‌ఫోర్డ్ ప్రొఫెసర్ డొనాల్డ్ క్నూత్ తన 'ది ఆర్ట్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామింగ్' రెండో సంపుటానికి కొత్త కూర్పు సిద్ధం చేస్తున్నారు. మొదటి కూర్పు సీసపు అక్షరాలతో, మోనోటైప్ యంత్రం మీద తయారైంది. కొత్తదానికి ఫొటో కంపోజింగ్ వాడారు. వచ్చిన ప్రూఫులు చూసి క్నూత్ తట్టుకోలేకపోయారు. పాత పుస్తకంలోని నిండుతనం వాటిలో లేదు. దాదాపు అదే సమయంలో పూర్తిగా డిజిటల్ పద్ధతిలో తయారైన ఒక పుస్తకం ప్రూఫులు ఆయన కంటపడ్డాయి. అక్షరం అంటే ఒకట్లు, సున్నాల వరుసే అయితే అది తన రంగంలోని సమస్యే అని ఆయనకు తట్టింది. ఆ ఏడాది మే నెలలో పని మొదలుపెట్టారు. పేజీ కూర్పుకు టెక్, అక్షరాల తయారీకి మెటాఫాంట్ అలా పుట్టాయి.

మెటాఫాంట్‌లో అక్షరాన్ని గీయరు, దాన్ని వర్ణిస్తూ ప్రోగ్రామ్ రాస్తారు. కలం ఎంత మందం, అది ఏ బిందువు నుంచి ఏ బిందువుకు ఎలా వంగుతూ పోవాలి అన్నవి సమీకరణాలుగా ఉంటాయి. మోనోటైప్ వారి మోడరన్ అక్షరాలను ఆదర్శంగా పెట్టుకుని క్నూత్ తయారుచేసిన కంప్యూటర్ మోడరన్ కుటుంబంలో అక్షరాల తీరును 62 కొలతలు శాసిస్తాయి. వాటిని మార్చుకుంటూ పోతే లావు, సన్నం, వాలు రూపాలన్నీ కలిపి 75 ఫాంట్లు వచ్చాయి. 1986లో వెలువడిన 'కంప్యూటర్స్ అండ్ టైప్‌సెట్టింగ్' అయిదు సంపుటాల్లో ఈ ప్రోగ్రామ్‌లన్నీ, అక్షరాల వర్ణనలతో సహా, అచ్చయ్యాయి. ఎవరైనా చదవవచ్చు, ఎవరైనా నేర్చుకోవచ్చు.

వర్ణన ఏ సైజుకైనా సరిపోయేదే. కానీ మెటాఫాంట్ చివరకు చేతికిచ్చేది మాత్రం ఒక ప్రింటరుకు, ఒక సైజుకు సరిపడే చుక్కల బొమ్మే. దానికి కారణం ఉంది. అంగుళానికి 300 చుక్కలు వేసే లేజర్ ప్రింటరు మీద పది పాయింట్ల అక్షరంలోని నిలువు గీతకు సుమారు మూడు చుక్కలే దక్కుతాయి. ఒక చుక్క అటైనా ఇటైనా అక్షరం ముఖమే మారిపోతుంది. అందుకే ఏ యంత్రానికి ఎలా సర్దుబాటు చేయాలో మెటాఫాంట్‌కు ముందే చెప్పాలి. ఆ సర్దుబాటును 'మోడ్' అన్నారు. చూపించే యంత్రం మారితే బొమ్మలన్నీ మళ్లీ తయారుకావాలి.

అంకెల్లో ఒక ఫాంటు

డీవీఐ రూపాన్ని 1979లో స్టాన్‌ఫోర్డ్‌లోనే డేవిడ్ ఫుక్స్ రూపొందించారు. ఏ యంత్రానికీ కట్టుబడి ఉండకూడదన్నది దాని ఆశయం. పొడవులను అది పాయింటులో 65,536వ వంతుల్లో కొలుస్తుంది. అంగుళానికి 72.27 పాయింట్లు. కూర్పు సమయంలో టెక్‌కు అక్షరాల బొమ్మలతో పనిలేదు. వెడల్పు, ఎత్తు, లోతు తెలిస్తే చాలు. అవి టీఎఫ్ఎమ్ అనే చిన్న ఫైల్లో ఉంటాయి.

ఒక ఫాంటు డీవీఐలో ఎలా కనిపిస్తుందో దగ్గరగా చూద్దాం. పది పాయింట్ల కంప్యూటర్ మోడరన్ రోమన్‌ను, అంటే సీఎమ్ఆర్10ను, పన్నెండు పాయింట్లకు పెంచి వాడారనుకోండి. ఆ ఫాంటును పరిచయం చేసే చోట నాలుగు ముఖ్యమైన సంగతులు ఉంటాయి. టీఎఫ్ఎమ్ ఫైలుతో సరిపోల్చుకోవడానికి ఒక చెక్‌సమ్, కావలసిన సైజు 7,86,432, అసలు సైజు 6,55,360, చివరగా ఫాంటు పేరు. మొదటి సైజును రెండోదానితో భాగిస్తే 1.2 వస్తుంది. వ్యూయర్ 300 చుక్కల ఫాంట్లు వాడుతుంటే 300ను 1.2తో గుణించి, 360 చుక్కలకు తయారైన సీఎమ్ఆర్10 బొమ్మల ఫైలు కోసం డిస్కులో వెతుకుతుంది. ఆ ఫైలు లేకపోతే పేజీ లేనట్టే.

బొమ్మలను కుదించి దాచే పీకే రూపాన్ని 1985లో టామస్ రొకికి తెచ్చారు. టెక్‌లో సైజులు 1.2 రెట్ల మెట్లుగా పెరుగుతాయి కాబట్టి ఫైళ్లు కూడా 300, 360, 432, 518, 622 అంటూ మెట్లు మెట్లుగా పేరుకుపోయేవి. ప్రింటరు 600 చుక్కలదైతే ఇంకో వరుస. అన్నీ ముందే తయారుచేసి పెట్టుకోవడానికి ఆనాటి డిస్కుల్లో చోటు ఎక్కడిది? కావలసిన బొమ్మ లేదని తెలిసిన క్షణంలో మెటాఫాంట్‌ను పిలిచి అక్కడికక్కడే తయారుచేయించుకునే స్క్రిప్టులు అందుకే వచ్చాయి. ఒక పత్రాన్ని మొదటిసారి తెరిచినప్పుడు తెరమీద పేజీ రాకముందు ఫాంట్ల తయారీ వరుసగా సాగడం ఆ తరం వారందరికీ పరిచయమే.

తెర పెట్టిన చిక్కు

యూనిక్స్ యంత్రాల్లో డీవీఐ చూడటానికి ఎక్కువమంది వాడినది ఎక్స్‌డీవీఐ. కార్నెగీ మెలన్‌లో ఎరిక్ కూపర్ రాసిన ప్రోగ్రామ్‌తో మొదలై, చాలా చేతులు మారి, బర్క్‌లీ గణిత ఆచార్యుడు పాల్ వోయ్టా చేతుల్లో అది స్థిరపడింది.

ప్రింటరు అంగుళానికి 300 చుక్కలు వేస్తుంటే తెర వంద దగ్గరే ఆగిపోయేది. సీఎమ్ఆర్10లో 'ఎక్స్' అక్షరం ఎత్తు 4.3 పాయింట్లు. ప్రింటరు మీద దానికి 18 చుక్కలు దక్కితే తెరమీద ఆరు. నిలువు గీతకు ఒక చుక్క. సన్న గీతకు ఆ ఒక్కటీ పూర్తిగా దక్కదు. ఎక్స్‌డీవీఐ దీనికి కనిపెట్టిన ఉపాయం చాలా అందమైనది. తెరకోసం వేరే బొమ్మలు తయారుచేయకుండా ప్రింటరు బొమ్మలనే తెచ్చి కుదించింది. మూడో వంతుకు కుదించాలంటే బొమ్మను మూడేసి చుక్కల చదరాలుగా విడగొట్టి, ఒక్కో చదరంలోని తొమ్మిది చుక్కల్లో ఎన్ని నల్లవో లెక్కపెట్టాలి. అన్నీ నల్లవైతే నలుపు, ఒక్కటీ లేకపోతే తెలుపు, మధ్యలోవి ఆ లెక్కకు తగిన బూడిద రంగు. నలుపు తెలుపు తప్ప చూపలేని తెరల మీద, ఎంత శాతం నిండితే నల్లచుక్క పెట్టాలో నిర్ణయించే అమరిక ఉండేది. అంకె నొక్కి 'ఎస్' కొడితే కుదింపు మారేది.

చదవడానికి ఇది చక్కగా పనిచేసింది. పరిమితి కూడా అక్కడే ఉంది. పూర్ణాంకాలతోనే కుదించాలి. మూడుకీ నాలుగుకీ మధ్య సైజు కావాలంటే లేదు. మూల బొమ్మను మించి పెద్దది చేసి చూడాలంటే అసలే లేదు. చుక్కల్లో లేని వివరాన్ని ఎవరూ పుట్టించలేరు.

అంచుగీతల రాక

అడోబీ సంస్థ పేజీ వర్ణన భాష పోస్ట్‌స్క్రిప్ట్ 1984లో వచ్చింది. మరుసటి ఏడాది ఆపిల్ లేజర్‌రైటర్ ప్రింటర్లో కూర్చుని అది ప్రచురణ రంగాన్ని మార్చేసింది. పోస్ట్‌స్క్రిప్ట్ టైప్ 1 ఫాంటులో అక్షరం అంటే దాని చుట్టూ గీసిన అంచుగీత. వెయ్యి యూనిట్ల చదరంలో కొన్ని బిందువులు, వాటిని కలిపే బెజియే వంపులు. కావలసిన సైజుకు గుణించి లోపల నలుపు నింపితే అక్షరం తయారు. తక్కువ చుక్కల మీద గీతల మందం చెడిపోకుండా చూసే సూచనలు ఆ ఫాంటులోనే ఉంటాయి. మెటాఫాంట్‌లో 'మోడ్' చేసిన పనిలో కొంత ఇక్కడ ఈ సూచనలకు అప్పజెప్పారు.

అయితే ఆ సూచనలతో కూడిన టైప్ 1 రూపాన్ని అడోబీ చాలాకాలం రహస్యంగా ఉంచింది. 1989లో ఆపిల్, మైక్రోసాఫ్ట్ కలిసి ట్రూటైప్ అనే పోటీ రూపాన్ని ప్రకటించాయి. దాంతో 1990లో అడోబీ టైప్ 1 వివరాలను పుస్తకంగా అచ్చువేసింది. మన కథలో ఇది పెద్ద మలుపు. అంచుగీత చదివి చుక్కలుగా మార్చే ప్రోగ్రామ్‌ను ఇక ఎవరైనా రాయవచ్చు. ఐబీఎమ్ అలాంటి ప్రోగ్రామ్‌ను ఎక్స్ విండో వ్యవస్థకు ఇచ్చింది. దాన్ని ఆధారం చేసుకుని రైనర్ మెంత్స్‌నర్ టీ1లిబ్ అనే లైబ్రరీ రాశారు. 2000 ప్రాంతంలో ఎక్స్‌డీవీఐకి టైప్ 1 ఫాంట్లను నేరుగా చూపే శక్తి దానివల్లే వచ్చింది. మాకింటాష్ మీద బ్లూ స్కై రీసెర్చ్ వారి టెక్స్‌చర్స్, విండోస్ మీద వై అండ్ వై వారి డీవీఐవిండో అంతకుముందే ఆ దారి పట్టాయి. కంప్యూటర్ మోడరన్‌ను మెటాఫాంట్ నుంచి టైప్ 1లోకి తెచ్చినవారూ ఈ రెండు సంస్థలవారే.

మ్యాప్ ఫైలు

ఇక్కడ కొత్త చిక్కు వచ్చింది. మెటాఫాంట్ కాలంలో ఫాంటు పేరూ ఫైలు పేరూ ఒకటే. టైప్ 1లోకి వచ్చేసరికి ఒకే ఫాంటుకు మూడు పేర్లు అయ్యాయి. టెక్ పిలిచే పేరు ఒకటి, ఫాంటు లోపల పోస్ట్‌స్క్రిప్ట్ పెట్టుకున్న పేరు ఇంకొకటి, డిస్కులో ఫైలు పేరు మరొకటి. ఈ మూడింటినీ ఒక్క వరుసలో రాసి కలిపేదే మ్యాప్ ఫైలు. ఫాంట్ల అమరిక అంటే సగానికి సగం ఆ వరుసలను సరిగ్గా రాయడమే.

టైమ్స్ రోమన్‌నే తీసుకుందాం. టెక్ లోకంలో దాని పేరు ఎనిమిది అక్షరాల్లోపే ఇమడాలి, ఎందుకంటే డాస్‌లో ఫైలు పేరుకు అంతకు మించి చోటు లేదు. కార్ల్ బెర్రీ అందుకోసం ఒక పద్ధతి ఏర్పరిచారు. మొదటి అక్షరం 'పీ' అంటే అడోబీ, 'టీఎమ్' అంటే టైమ్స్, 'ఆర్' అంటే మామూలు నిలువు రూపం, చివర '8ఆర్' అంటే అక్షరాల క్రమం. ప్రింటరుకు పంపేటప్పుడు ఈ పేరుకు ఎదురుగా 'టైమ్స్-రోమన్' అని రాస్తే చాలు. ఆ ఫాంటు ప్రింటరు జ్ఞాపకంలోనే ఉంది. తెరకు అలాంటి జ్ఞాపకం లేదు, దానికి అంచుగీతలున్న ఫైలే కావాలి. అందుకే ప్రింటరు మ్యాప్ వ్యూయర్‌కు సరిపోలేదు. ప్రతి ఫాంటుకూ ఫైలు పేరు తప్పకుండా ఉండే ఇంకో మ్యాప్‌ను తయారుచేయవలసి వచ్చింది. టెక్ పంపిణీల్లో అప్‌డీమ్యాప్ అనే ప్రోగ్రామ్ ఒకే మూలం నుంచి ప్రింటరుకు ఒకటి, పీడీఎఫ్‌కు ఒకటి, వ్యూయర్‌కు ఒకటి చొప్పున మ్యాప్‌లు రాసిపెట్టేది.

ఫైలు దొరికినా పని పూర్తికాదు. డీవీఐ చెప్పేది అక్షరం నంబరు. ఇంగ్లీషులో ఎఫ్, ఐ కలిసిన జంట అక్షరం కంప్యూటర్ మోడరన్‌లో 12వ స్థానంలో ఉంటుంది. అడోబీ సొంత క్రమంలో అది 174. నేరుగా టైమ్స్‌లో 12వ స్థానాన్ని అడిగితే అక్కడ ఏమీ లేదు. మధ్యలో వర్చువల్ ఫాంటు అనే ఫైలు 12ను 2గా మారుస్తుంది. 2 అంటే ఏ అక్షరమో 256 పేర్లున్న ఎన్‌కోడింగ్ ఫైలు చెబుతుంది. ఆ పేరుతో టైప్ 1 ఫైల్లో అంచుగీత దొరుకుతుంది. ఒక్క అక్షరం తెరమీదికి రావడానికి ఇన్ని చేతులు మారాలి.

ఎక్కడ తెగినా ఫలితం కంటికి కనిపిస్తుంది. ఫాంటు అసలే దొరకకపోతే ఎక్స్‌డీవీఐ దాని బదులు సీఎమ్ఆర్10ను పెడుతుంది. స్థానాలు టైమ్స్ వెడల్పులతో లెక్కకట్టినవి, బొమ్మలు వేరే ఫాంటువి. అక్షరాలు ఒకచోట ఒకదానిమీదికొకటి ఎక్కుతాయి, ఇంకోచోట ఎడమైపోతాయి. ఎన్‌కోడింగ్ తప్పితే మాటల్లో జంట అక్షరాలు మాయమవుతాయి. అంచుగీత దొరక్కపోతే పాత పీకే బొమ్మకు వెనక్కి వెళ్లే ఏర్పాటు కూడా వ్యూయర్లో ఉండేది. అందువల్ల పేజీ కనబడుతూనే ఉండేది, అమరికలో తప్పు మాత్రం బయటపడేది కాదు. బాగా పెద్దది చేసి చూస్తే అంచులు మెట్లుమెట్లుగా ఉన్నాయా నున్నగా ఉన్నాయా అన్నదే గుర్తు.

ఈ గొలుసు క్లిష్టమైనదే. కానీ అందులోని ప్రతి లింకూ మామూలు ఎడిటర్లో తెరిచి చదవగల అక్షరాల్లోనో, వివరాలు అచ్చులో దొరికే రూపంలోనో ఉండేది. తప్పు ఎక్కడుందో ఓపికగా వెతికితే దొరికేది. దొరికినదాన్ని ఎవరి అనుమతీ అడగకుండా సరిచేసుకోగలిగేవారు. దీని విలువ తర్వాతి కాలంలోనే బాగా తెలిసింది.

ఫాంట్లకు స్వేచ్ఛ

మ్యాప్ ఎంత చక్కగా రాసినా అది చూపే ఫైలు మన దగ్గర లేకపోతే ప్రయోజనం లేదు. బ్లూ స్కై, వై అండ్ వై తయారుచేసిన ఫాంట్లు మొదట్లో కొనుక్కోవలసినవి. 1994లో బాసిల్ మాలిషెవ్ తన బకోమా ఫాంట్లను అందరికీ అందుబాటులోకి తెచ్చారు. 1996లో జర్మనీకి చెందిన యూఆర్‌డబ్ల్యూ సంస్థ, పోస్ట్‌స్క్రిప్ట్ ప్రింటర్లలో ఉండే 35 ఫాంట్లకు సమానమైన తన ఫాంట్లను స్వేచ్ఛా లైసెన్సుతో విడుదల చేసింది. 1997లో అమెరికన్ మ్యాథమేటికల్ సొసైటీ కొందరు ప్రచురణకర్తలతో కలిసి కంప్యూటర్ మోడరన్ టైప్ 1 ఫాంట్లను అందరికీ ఉచితం చేయించింది.

ఆ మూడు నాలుగేళ్లలో వ్యూయర్ల పరిస్థితే మారిపోయింది. తర్వాత వ్లాదిమిర్ వొలోవిచ్ సీఎమ్-సూపర్, పోలండ్‌కు చెందిన యాట్‌స్కోవ్‌స్కీ, నొవాట్‌స్కీల లాటిన్ మోడరన్ వచ్చి యూరప్ భాషల స్వరచిహ్నాల అక్షరాలకూ అంచుగీతలు ఇచ్చాయి. ఈ ఫాంట్లను ప్రజల సొత్తు చేసినవారికి సాఫ్ట్‌వేర్ రాసినవారికి దక్కినంత పేరు దక్కలేదు. వారు లేకపోతే ఆ సాఫ్ట్‌వేర్‌కు చూపించడానికి ఏమీ ఉండేది కాదు.

ఇదే కాలంలో చెక్ రిపబ్లిక్‌లోని బ్ర్నో నగరంలో చదువుకుంటూ హాన్ థే థాన్ పీడీఎఫ్‌టెక్ రాశారు. టెక్ నేరుగా పీడీఎఫ్ ఇవ్వసాగింది. అక్షరాల రూపాలు పత్రంలోనే కూర్చున్నాయి. చూసేవారి దగ్గర మ్యాప్ అవసరం తీరిపోయింది, తయారుచేసేవారి దగ్గర మాత్రం మిగిలింది. మ్యాప్ సరిగా లేక పీకే బొమ్మలు పీడీఎఫ్‌లో చేరితే ఆనాటి అక్రోబాట్ రీడర్లో అక్షరాలు మసకగా కనబడేవి. అంచుగీతల ఫాంట్లను సరిగా అమర్చుకోవాలన్న పట్టింపు చాలామందికి ఆ మసక చూశాకే వచ్చింది.

టీ1లిబ్ అభివృద్ధి తర్వాత ఆగిపోయింది. 2013 టెక్ లైవ్‌లో ఎక్స్‌డీవీఐ దాన్ని వదిలి ఫ్రీటైప్‌కు మారింది. టైప్ 1కు అడోబీ కూడా 2023 జనవరిలో తన ప్రోగ్రామ్‌లలో వీడ్కోలు చెప్పింది. అయినా 1985 నాటి డీవీఐ ఫైలు ఇవాళ్టికీ తెరుచుకుంటుంది. రూపం చదివే ఇంజను మారింది, పేరుకు రూపాన్ని చూపే పట్టిక మాత్రం నిలిచింది.

మన అక్షరాల సంగతి

టెక్‌లోకి తెలుగు తొందరగానే వచ్చింది. ముక్కవిల్లి లక్ష్మి, లక్ష్మణకుమార్ మెటాఫాంట్‌లో తెలుగు అక్షరాలను వర్ణించి తెలుగుటెక్ రూపొందించారు. ఒత్తులు, గుణింతాలు, తలకట్లు ఉన్న లిపిని సమీకరణాల్లో పట్టుకోవడం చిన్న పని కాదు. వర్ణనలు అందరికీ దొరికేలా టెక్ భాండాగారంలో ఉంచడం వల్ల ఆ కృషి పదిలంగా ఉంది.

మిగతా తెలుగు ప్రచురణ వేరే దారిలో నడిచింది. డీటీపీ ఫాంట్లలో ఒక్కో సంస్థది ఒక్కో క్రమం. ఇంగ్లీషు అక్షరాల నంబర్లలోనే తెలుగు ముక్కలు దాచారు. అలాంటి ఫైల్లోనూ, డీవీఐలో ఉన్నట్టే, అక్షరం ఉండదు, ఫాంటులోని స్థానం ఉంటుంది. తేడా ఒక్కటే: ఆ స్థానంలో ఏముందో చెప్పే పట్టిక బయటివారికి దొరకదు. ఫాంటు పోతే ఫైల్లో మిగిలేది ఇంగ్లీషు అక్షరాల గజిబిజి. దినపత్రికల వెబ్‌సైట్లు ఒక్కొక్కటీ సొంత ఫాంటుతో నడిచిన రోజుల్లో పాఠకులు ఈ బాధను రోజూ పడ్డారు. అప్పుడు వెన్న నాగార్జున ఫైర్‌ఫాక్స్ కోసం 'పద్మ' రాశారు. ఒక్కో ఫాంటులో ఏ నంబరు ఏ తెలుగు ముక్కో పట్టిక కట్టి, పేజీని యూనికోడ్‌లోకి మార్చి చూపించారు. ఎవరో దాచిన మ్యాప్ ఫైలును పాఠకుల పక్షాన తిరిగి రాయడమే అది.

యూనికోడ్ ఆ అవస్థను మూలంలోనే తీర్చింది. 'స్త్రీ' అన్న మాట ఇప్పుడు ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, ఈకారం. ఏ ఒత్తు ఎక్కడ కూర్చోవాలో ఓపెన్‌టైప్ ఫాంటులోని నియమాలు చెబుతాయి. తిరుమల కృష్ణదేశికాచార్యుల పోతన, వేమన ఫాంట్లు ఈ దారిలో తొలి అడుగులు. జొనాథన్ క్యూ 2004లో తెచ్చిన జీటెక్‌తో టెక్ కూడా ఇదే పద్ధతికి వచ్చింది. ఫాంటు పేరు రాస్తే చాలు, సిస్టమ్‌లోని ఫాంటునే అది వెతికి తెచ్చుకుంటుంది. పాత గొలుసు ఇప్పుడూ ఉంది, ఫాంటు లోపలికి వెళ్లిపోయింది.

ఇంత చరిత్ర చూశాక మన ప్రచురణకర్తలు, పత్రికలు, విశ్వవిద్యాలయాలు చేయవలసింది స్పష్టంగానే ఉంది. కొత్త పుస్తకాల మూలప్రతులు యూనికోడ్‌లో ఉండాలి. వాటిని కూర్చిన ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సువై, పుస్తకంతోపాటే భద్రమవ్వాలి. పాత డీటీపీ ఫైళ్లను తెరవగల యంత్రాలు, మనుషులు ఉండగానే ఒక్కో ఫాంటుకు నంబర్ల పట్టిక కట్టి బహిరంగంగా పెట్టాలి. ఆ పట్టికకు ఒక రోజు పని చాలకపోవచ్చు, ఒక వారం పడితే పట్టనివ్వండి. ఒక్కసారి రాసిపెట్టిన పట్టిక ఆ ఫాంటులో కూర్చిన ప్రతి పుస్తకానికీ పనికొస్తుంది. 1985 నాటి గణిత వ్యాసం ఇవాళ తెరుచుకుంటున్నప్పుడు 1995 నాటి తెలుగు నవల తెరుచుకోకపోవడానికి లిపి కారణం కాదు. ఆ పట్టికను మనం ఇంకా రాయకపోవడమే కారణం, అది మన చేతిలో పని.